దారం లేని మిషన్

నా ఉద్యోగం ఏమిటో మా చుట్టాలకు ఇప్పటికీ సరిగా చెప్పలేను. చదువు మానేసి, పని దొరక్క ఇంట్లో ఉండిపోయిన పిల్లలకు శిక్షణ ఇచ్చే సంస్థలు మా అనంతపురం జిల్లాలో కొన్ని ఉన్నాయి. ఆ శిక్షణతో వాళ్ళకు నిజంగా మేలు జరిగిందా లేదా అని కనుక్కుని రాయడం నా పని. డబ్బిచ్చేవాళ్ళు ఎక్కడో ఉంటారు, పిల్లలు ఇక్కడ ఉంటారు, మధ్యలో నేను. మా ఆడపడుచు దీన్ని పరాయి పిల్లల మీద నిఘా అంటుంది. ఆమె మాటలు నాకెప్పుడూ నచ్చవు గానీ దీన్ని మాత్రం కొట్టిపారేయలేను.

పనిలో సగం ఫోన్ మీదే జరుగుతుంది. బుక్కరాయసముద్రంలో మా మిద్దె మీది గదిలో కూర్చుని, మూడు నెలలకోసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. ఎవరికైనా అవే ప్రశ్నలు. ఏం చేస్తున్నావు, ఎక్కడ, చేతికి ఎంతొస్తోంది, ఇంకేమైనా సాయం కావాలా. జవాబు నాలుగు గడుల్లో ఒకదాంట్లో పడాలి: ఉద్యోగం, సొంత పని, పై చదువు, ఇంట్లో ఖాళీ. చివరి గడి నొక్కితే కంప్యూటర్‌లో ఆ పేరు ఎర్రగా మారుతుంది. ఎరుపు ఎక్కువైతే ఆ శిక్షణ కేంద్రానికి మరుసటి ఏడు నిధులు రావు. అందుకే కేంద్రాలవాళ్ళు పిల్లలకు కుట్టుపని నేర్పినా నేర్పకపోయినా ఒకటి మాత్రం గట్టిగా నేర్పుతారు. మేడం ఫోన్ చేస్తే ఇంట్లో ఖాళీగా ఉన్నానని మాత్రం అనకూడదు.

కాబట్టి నేను మాటలు నమ్మను, మాటల వెనక చప్పుడు వింటాను. కంపెనీలో ఉన్నానని చెప్పే పిల్ల వెనక కుక్కర్ కూత వేస్తుంది. బెంగళూరులో ఉన్నాననే అబ్బాయి వెనక మేకలు అరుస్తాయి. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు, విని విని వచ్చింది. నాకు దాని మీద కొంచెం గర్వం కూడా ఉండేది. నా దగ్గర ఆ పప్పులుడకవని కేంద్రాల మీటింగుల్లో నవ్వుతూ చెప్పేదాన్ని. అది ఎంతదూరం పాకుతుందో అప్పుడు ఆలోచించలేదు.

రాయదుర్గం అవతల, హగరి నది ఒడ్డున ఉన్న ఒక పల్లె పిల్ల నా జాబితాలో ఉండేది. పదో తరగతితో చదువు ఆపేసింది, తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టడం నేర్చుకుంది. శిక్షణ ముగిశాక ఇంట్లో కుట్టుకొమ్మని సంస్థవాళ్ళు కాలితో తొక్కే మిషన్ ఒకటి ఇచ్చారు. నేను ఫోన్ చేస్తే రెండో రింగు రాకుండానే ఎత్తేది. గొంతు సన్నగా, పసిగా ఉండేది. వెనకాల మిషన్ చప్పుడు. "ఇంట్లోనే కుడతాండా మేడం. బాగుండాను. ఏం అక్కర్లేదు" అనేది. మొదటి విడతలోనూ అదే మాట, రెండో విడతలోనూ అదే మాట. ఇలాంటి పిల్లలు నలుగురుంటే చాలనుకుని నివేదికలో ఆమె గురించి ఒక పేరా మెచ్చుకుంటూ రాశాను.

మూడో విడతలో నా చెవికి ఏదో తేడా తగిలింది. మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ చప్పుడులోనే నిద్రపోయి, ఆ చప్పుడులోనే లేచినదాన్ని నేను. మిషన్ అన్నాక ఆగుతుంది. మూల తిరిగినప్పుడు ఆగుతుంది, దారం తెంపినప్పుడు ఆగుతుంది, కుట్టే మనిషి ఆలోచనలో పడితే ఆగుతుంది. ఈ మిషన్ ఆగడం లేదు. నేను మాట్లాడుతున్నా, ఆ పిల్ల మాట్లాడుతున్నా, ఇద్దరం ఊరుకున్నా ఒకే వేగంతో కటకటమని నడుస్తోంది. జీన్స్ గుడ్డలో సూది దిగితే బరువుగా వినపడాలి. ఇది డొల్లగా, పొడిపొడిగా ఉంది.

చూద్దామని, నా ప్రశ్నల్లో లేని ప్రశ్న ఒకటి అడిగాను. ఈ రోజు ఏం వండుకున్నావు పాపా అన్నాను. అటువైపు మాట లేదు. మిషన్ మాత్రం నడుస్తోంది. కాసేపటికి, "ఇంట్లోనే కుడతాండా మేడం" అని వచ్చింది, అదే గొంతు, అదే తీరు. ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు కూడా భరించలేక కట్టేశాను.

కేంద్రం నడిపే అతన్ని అడిగితే, "బాగా చేసే పాపను గూడా అనుమానిస్తే యెట్ల మేడం?" అని నిష్ఠూరమాడాడు. మిషన్ దింపి వచ్చాక ఒక్కసారి వెళ్ళానని, మళ్ళీ ఆ పిల్లను చూడలేదని కూడా అతనే చెప్పాడు. నేనే వెళ్ళి చూడాలనుకున్నాను.

రాయదుర్గం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. పల్లె చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆషాఢం గాలి నది లోంచి ఇసుకను ఎత్తుకొచ్చి గోడల వారన పోస్తోంది. కొన్ని ఇళ్ళకు గడపలు కనబడటం లేదు. దూరాన గుట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి, వీధిలో మనిషి లేడు. మూసిన తలుపుల వెనక మిషన్లు ఆగి ఆగి నడుస్తున్నాయి. అరుగు మీద పడుకున్న ఒక ముసలామెను ఇల్లెక్కడని అడిగితే, ఎందుకని అడగకుండానే చేత్తో చూపించి అటు తిరిగి పడుకుంది. పల్లెలో కొత్త మనిషిని ఎందుకొచ్చావని అడగకపోవడం నేను ఎక్కడా చూడలేదు.

ఆ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల చప్పుడు లేదు. తలుపు తట్టే ముందు, అలవాటు కొద్దీ, ఎదురు గోడ నీడలో నిలబడి ఫోన్ చేశాను. లోపల రింగు మోగింది. ఆ వెంటనే మిషన్ మొదలైంది. అప్పుడు ఫోన్ ఎత్తారు.

"హలో మేడం." ఆ మాట ముందు తలుపు సందులోంచి వినపడింది, క్షణం తర్వాత ఫోన్లో వినపడింది. మిషన్ కూడా అంతే, ఒక చెవిలో ముందు, ఒక చెవిలో వెనక. పట్టపగలు, వీధి నిండా ఎండ, అయినా నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఏం చేస్తున్నావు పాపా అని అడుగుతూనే వీధి దాటాను. "ఇంట్లోనే కుడతాండా మేడం" అంది. ఇంకేమైనా సాయం కావాలా అంటూ తలుపు తోశాను.

మిషన్ ముందు కూర్చున్నది నలభైకి దగ్గరపడిన మనిషి. తల్లి. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, రెండు కాళ్ళతో మిషన్ తొక్కుతోంది. గుడ్డ లేదు, దారపు ఉండ లేదు. వట్టి సూది వట్టి రేకు మీద పడి లేస్తోంది. తలుపు చప్పుడుకు తల తిప్పి నన్ను చూసింది. చూస్తూనే, ఫోన్లోకి, ఆ పసి గొంతుతో, "ఏం అక్కర్లేదు మేడం" అంది. కాళ్ళు ఆపలేదు. నేను ఫోన్ కట్ చేశాకే ఆపింది.

గోడకు శిక్షణ ముగిసిన రోజు తీసిన పిల్ల ఫోటో ఉంది. నా కళ్ళు ముందు దానికి దండ ఉందా అని చూశాయి. దండ లేదు. ఆ తల్లి అది గమనించి, చచ్చిపోలేదు మేడం అంది, తన మామూలు గొంతుతో. మామూలు గొంతు కూడా నేను ఫోన్లో విన్న ఆ గొంతే.

చెంబుతో నీళ్ళిచ్చి, కింద కూర్చుని చెప్పింది. కాళ్ళతో తొక్కే మిషన్ మీద జీన్స్ కుట్టేవాళ్ళకు రాయదుర్గం కుట్టు యూనిట్లవాళ్ళు కుట్టడానికి పీసులు ఇవ్వలేదట. వాళ్ళకు కరెంటు మిషన్ ఉన్నవాళ్ళే కావాలి. పిల్ల తిరిగి తిరిగి ఇంట్లో కూర్చుంది. కేంద్రం అతను వచ్చి, మేడం వెనక చప్పుడు వింటుంది, ఫోన్ వస్తే మిషన్ తొక్కుతూ మాట్లాడమని చెప్పి పోయాడు. ఊళ్ళోవాళ్ళు ఊరికే కూర్చుందన్నారు. తల్లి కూడా అంది. ఒక పొద్దున పిల్ల మొదటి బస్సెక్కి వెళ్ళిపోయింది. ఫోన్ మిషన్ మీదే వదిలేసింది. బళ్ళారిలో చూశామని ఎవరో అంటే వెళ్ళి వెతికింది, కనబడలేదు. పోలీస్ స్టేషన్‌కు వెళితే మైనారిటీ తీరిన పిల్ల, ఇష్టపడి పోయిందన్నారు.

ఆ తర్వాతే మోగింది నా మొదటి ఫోన్. కూతురే ఎవరి ఫోన్ నుంచో చేసిందనుకుని ఎత్తిందట.

"మీరు 'పాపా, ఏం చేస్తాండావు' అంటిరి" అంది. "దాన్ని ఆ మాట అడిగేవాళ్ళు ఇంగ ఎవరుండారు? లేదని చెప్పేకి నోరు రాలేదు మేడం. మా ఇండ్లల్లో బయట్నించి ఎవరన్నా పిలిస్తే, ఆ మనిషి ఇంట్లో లేకపోయినా ఎవరో ఒగరు 'ఓ' అని పలకల్ల. పలకకపోతే ఆ మనిషి ఇంటికి లేకుండా పోతాది అంటారు."

నాకు ఒళ్ళు మండింది. ఆ కేంద్రం అతని మీదో, యూనిట్లు తీసుకోని మిషన్‌ను పంచిపెట్టినవాళ్ళ మీదో, ఆ ఎర్ర గడి మీదో చెప్పలేను. ఎవరి మీద అయినా అక్కడ ఉన్నది ఆమె ఒక్కతే, ఆమె మీద ఆ కోపం చూపలేను.

"మీరు లేదని రాసుకుంటే మళ్ళ చెయ్యరు గదా" అని అడిగింది. అబద్ధం చెప్పలేక తలూపాను. ఆచూకీ లేదని రాస్తే ఆ నంబరు జాబితాలోంచి పోతుంది. ఆమె మిషన్ వైపు చూసింది. "మిషన్ తీస్కపోండి. ఫోన్ మాత్రం మానద్దండి. ఊరికే కూర్చుండావని తిడితి మేడం. ఇప్పుడు ఊరికే వచ్చి ఆ మంచం మీద కూర్చుంటే సాలు నాకు."

నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. పిల్ల ఆచూకీ లేదని, తొక్కే మిషన్లు అక్కడ ఎందుకూ పనికిరావని రాశాను. కేంద్రం అతను నాతో మాట్లాడటం మానేశాడు. మిషన్ కోసం ఎవరూ రాలేదు. నంబరు జాబితాలోంచి పోయింది, నా సొంత ఫోన్లో మాత్రం ఉంది.

విడత పని ముగిశాక, చివర్న ఆ నంబరుకు చేసేదాన్ని. పాపా, ఏం చేస్తున్నావు అని అడిగేదాన్ని. రెండో రింగు రాకుండా ఫోన్ ఎత్తి, ఆ వట్టి మిషన్ తొక్కుతూ, ఆమె కూతురి గొంతుతో జవాబు చెప్పేది. నేనెవరితో మాట్లాడుతున్నానో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇద్దరికీ పిచ్చి అనేవాళ్ళు, అది అబద్ధం అని నేనూ అనలేను. ఒకసారి ఏం వండుకున్నావు పాపా అని అడిగితే, ఈసారి తడుముకోకుండా, "ఉగ్గాని చేసుకుంటి మేడం, మాయమ్మ కారం ఎక్కువేసింది" అని నవ్వింది. బొరుగులతో చేసే ఆ ఉగ్గాని కూతురికి ఇష్టమని, ఆ పిల్ల వెళ్ళిపోయాక చేయడం మానేశానని ఆ రోజు ఇంట్లో ఆమే నాకు చెప్పింది. లేని పిల్ల ఆ ఇంట్లో కొంచెం కొంచెంగా బతకడం మొదలుపెట్టిందనిపించింది.

మొన్న ఎండాకాలం చేసినప్పుడు ఫోన్ చాలాసేపు మోగింది. ఎన్నడూ లేదు. కట్ చేద్దామనుకుంటుండగా ఎత్తారు. మిషన్ చప్పుడు లేదు.

"ఎవరు?" అదే గొంతు, కాస్త బొంగురుపోయి ఉంది.

పాపా, ఏం చేస్తున్నావు అన్నాను. అటువైపు తెల్లబోయినట్టుంది. "మీరెవరు?" అని మళ్ళీ అడిగింది. ఆ తల్లి ఇన్నాళ్ళూ కూతురిగా పలికి పలికి, చివరికి తనను తానే మరిచిపోయిందా అనుకున్నాను.

అప్పుడు దూరంగా, వాకిట్లోంచి, అదే గొంతు మరోసారి వినపడింది. "ఎవరు పాపా ఫోన్లో?"

"తెల్దుమా. ఏం చేస్తాండావని అడుగుతాండారు."

ఆ రెండు గొంతులూ ఒకేసారి వినడం అదే మొదలు. మిద్దె మెట్ల మీద కూర్చుండిపోయాను. అటువైపు బిందె దించిన చప్పుడు, పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు. తల్లి ఫోన్ తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. రొప్పుతూ, "నిన్నే అడుగుతాండేది. నువ్వే చెప్పు" అనడం వినపడింది.

ఫోన్ చేసే మేడం అని పిల్ల అప్పటికి పోల్చుకున్నట్టుంది. కేంద్రంలో చెప్పకూడదని నేర్పిన జవాబునే, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెప్పింది.

"ఏం లేదు మేడం. ఇంట్లోనే ఖాళీగా ఉండా."

నాకు ఏడుపు ఆగలేదు. చాలా మంచిది పాపా అన్నాను.