వెండి బిళ్ళ మీద వేలిముద్ర

మొన్న దీపావళి పూజకు వెండి బిళ్ళలు బయటికి తీసిన కోడలు, అందులో ఒకదాన్ని గుడ్డతో పట్టుకొచ్చి, "మామా, గిది ఇంక నల్లగైంది. ఈసారన్న తోమనీయుండ్రి, లక్ష్మి ముంగట గిట్లనే పెడతమా?" అని అడిగింది. ఎప్పటిలాగే వద్దన్నాను. ముసలాయన చాదస్తం అనుకుని ఉంటుంది పాపం.

బాలానగర్ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, బోనసు చేతికి రాగానే మా ఆవిడ ప్రతి దీపావళికీ ఒక బిళ్ళ కొనిపించేది. మీ బీరువాల్లోనూ ఉండే ఉంటాయి. కొనడం ఒక ఎత్తు, తెల్లగా ఉంచడం ఒక ఎత్తు. రబ్బరు బ్యాండు తగిలినంత మేరా నల్లటి గీత పడుతుందనీ, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో సుద్దముక్క వేస్తే చెమ్మను అదే పీల్చుకుంటుందనీ ఆమె ఎక్కడ నేర్చిందో గానీ, అన్నిటికన్నా పెద్ద కట్టడి వేళ్ళ గురించే. "అంచులు వట్టుకో, మొఖం మీద ఏలు వెట్టకు. ఇయ్యాల కనవడదు, రేపు నల్లగ తేల్తది" అని నా మీద ఇంతెత్తున లేచేది.

చివరి దీపావళికి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, మంచం మీద నుంచే ఆ ఏడాది బిళ్ళ అడిగి తీసుకుని, కాసేపు ఉంచుకుని, తనే గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. నెల తిరగకుండానే పోయింది. మరుసటి ఏడు విప్పి చూస్తే బిళ్ళ మీద పసుపు అంటినట్టు ఒక మరక. ఆ పై ఏడు అది గోధుమరంగుకు తిరిగింది. తర్వాత సన్నని గీతలు తేలాయి, వాటికి అడ్డంగా ఒక తెల్లని చార: కత్తిపీటకు తెగిన ఆమె బొటనవేలి గాటు. బూడిదైపోయిన మనిషి వేలు, మూసిన డబ్బాలో, ఏడాదికింత స్పష్టమవుతోంది.

చెమట తగిలితే వెండి అలాగే అవుతుందని కొడుకు చెప్పాడు. నిజమే, కానీ ఆ సంగతి నాకు నేర్పిన మనిషికి తెలియదా? మరిచిపోయి పెట్టిన వేలు కాదది. తోమితే నిమిషంలో పోతుంది. వదిలేస్తే చుట్టూ ఉన్న తెలుపూ నల్లబడి, ముద్ర అందులోనే మునిగిపోతుంది. అది పోతుందేమోనని భయం, చూడాలన్నా భయమే.

పోయిన ఏడు ఎవరూ లేనప్పుడు దాని పక్కనే నా బొటనవేలు గట్టిగా ఆనించాను. మొన్న కోడలు తెచ్చిన బిళ్ళ మీద ఆ చోట పసుపు మరక మొదలైంది. మా పుప్పాలగూడలో ఇప్పుడు అన్నీ మెరుస్తున్నాయి, నేలా గోడలూ, కిటికీ అవతల కోకాపేట అద్దాల మేడలూ. మనిషి తాకిన ఆనవాలు పొద్దున్నే తుడిచేస్తారు. ఆ ఒక్క బిళ్ళ మీద మాత్రం మేమిద్దరం మెల్లగా నల్లబడుతున్నాం.