బాపు గోలీల ఆట

మా కాలనీలో మిఠాయిలు పంచే సందర్భాలు మూడు. పెళ్ళి కుదరడం, పిల్లలు పుట్టడం, ఇంటాయన అన్‌ఫిట్ కావడం. మొదటి రెండూ ఎక్కడైనా ఉంటాయి, మూడోది మాత్రం మా బొగ్గుబాయిల దగ్గరే. ఈ మనిషి ఇక బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు డాక్టర్లు సంతకం పెడితే, అతని బిడ్డల్లో ఒకరికి కొలువు దొరుకుతుంది. అందుకని 'ఫిట్' అని తేలి వచ్చినవాడి ఇంటికి జనం పరామర్శకు వెళ్తారు. అయ్యో, అంత మంచిగా దగ్గేవాడికి గట్లెట్ల అయిందని బుగ్గలు నొక్కుకుంటారు. వెటకారానికి చెప్పడం లేదు. మా ఇంటికీ వచ్చారు.

దీనికంతటికీ కారణం ఫోన్లో ఆడే ఒక గోలీల ఆట అని కాలనీ అంతా తీర్మానించింది. కొన్నాళ్ళు నేనూ అదే అనుకున్నాను.

మా బాపు అండర్‌గ్రౌండులో డ్రిల్లు మిషను పట్టే మనిషి. పైకప్పు కూలకుండా బోల్టులు బిగించడానికి దానికి రంధ్రాలు వేస్తాడు. జీవితమంతా అదే పని. ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, ఇంత తిని, క్వార్టరు ముందు రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోను తీసేవాడు. ఆ ఆట ఎక్కించి ఇచ్చింది నేనే. ఇక అమ్మ పిలిచినా పలకడు, పక్కన పాము పోయినా చూడడు. తెర పైన రంగురంగుల గోలీలు గుత్తులుగా వేలాడుతుంటాయి, కింద ఒక్క గోలీ సిద్ధంగా ఉంటుంది. పైన అదే రంగున్న చోటు చూసి కొడితే గుత్తి రాలిపోతుంది. అంతే! రాజు లేడు, రాజ్యం లేదు, పగ లేదు, ప్రేమ లేదు. గెలిస్తే ఇంకొన్ని గోలీలు, ఓడితే మళ్ళీ అవే గోలీలు.

పైగా ఆయన ఆడే తీరొకటి. కుడిచెయ్యి ఒళ్ళో పడేసి, ఎడమచేతి బొటనవేలు ఒక్కదానితో టిక్కుటిక్కుమని కొట్టేవాడు. మోటు ఆటకు మోటు పద్ధతి అని నేను ఎద్దేవా చేసేదాన్ని. ఆ ఒక్క వేలితోనే రెండు వేలు దాటిన లెవెల్‌కు చేరుకున్నాడని తెలిసినా నాకు గౌరవం కలగలేదు. రెండు వేల లెవెళ్ళ తర్వాత కూడా అవే గోలీలైతే అది ఎదుగుదల ఎలా అవుతుంది?

నేను ఆడేవి గొప్ప ఆటలు మరి! బీటెక్ చదివి, గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం నేర్పుతూ, సాయంత్రాలు లాప్‌టాప్ ముందు కూచునేదాన్ని. నా ఆటల్లో కథ ఉంటుంది. చచ్చిపోయిన భార్య ఉంటుంది, కూలిపోయిన కోట ఉంటుంది. హీరో చేతికి కత్తి రావాలంటే ముందు అరగంట సేపు దారినపోయే ప్రతివాడూ ఆగి తన కష్టాలు చెప్పుకోవాలి. ఒక ఆదివారం బాపు కళ్ళు తెరిపిద్దామని బలవంతంగా పక్కన కూచోబెట్టుకున్నాను. గుహలో ఒక ముసలాయన పోయిన రాజ్యం గురించి చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు. బాపు చాలా ఓపిక పట్టాడు.

"గీ పోరడు డ్యూటీ ఎప్పుడు ఎక్కుతడు బిడ్డా?" అని హీరోను చూపించి అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే గుర్రు పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. లేచాక నిలదీశాను, ఆ గోలీల్లో అంత ఏముందని. బాయి గేటు దగ్గర మీటింగు పెట్టి లీడర్లు చెప్పే కథలు వింటున్నాం, ఓట్ల కాలంలో జీపులేసుకుని వచ్చి చెప్పేవి వింటున్నాం, ఇంటికొస్తే మీ అమ్మ దగ్గర ఉండనే ఉన్నాయి, ఇక ఫోనులో కూడా ఒకడు చెప్పాలా అన్నాడు. అమ్మ లోపలి నుంచి ఏదో అంది. బాపు నవ్వి, గొంతు తగ్గించాడు.

"గిందుల పైకప్పు ఎంత కూలినా ఎవ్వనికి ఏం గాదు బిడ్డా."

ఇదీ ఒక కారణమేనా అని పెదవి విరిచాను. చదువుకున్నదాన్ని కదా, అంత తేలిగ్గా అర్థమైతే ఎలా.

ఇంతలో అన్‌ఫిట్ దరఖాస్తుకు వేళయింది. రిటైర్మెంటు మరీ దగ్గరపడ్డాక పెట్టుకోనివ్వరు. బాపుకు అదే ఆఖరి అవకాశం. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే, ఆ కొలువు నాకే రావాలి. ఆడపిల్లకు బాయి కొలువేందని చుట్టాలు మూతి తిప్పినా బాపు వినిపించుకోలేదు. నాకైతే అది వస్తే బతుకు ఒడ్డున పడుతుంది, రాకపోతే కంప్యూటర్లు ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం ఉండనే ఉంది.

శిక్షణకు పక్క క్వార్టరాయన, మేం కాక అని పిలిచే బాబాయి, ముందుకొచ్చాడు. ఈ కాక కళ్ళు కనపడవని అన్‌ఫిట్ అయి కొడుక్కి కొలువు ఇప్పించినవాడు. ఇప్పుడు రోజూ పొద్దున గ్రౌండులో వాలీబాల్ ఆడతాడు. అవతలి మూలన బంతి గీత మీద పడిందా బయట పడిందా అన్న తగాదా వస్తే ఆయన మాటే ఖాయం, చూపు అంత చురుకు. కాక సూత్రం ఒకటే.

"ఒక్కటే రోగం చెప్పాలె. రెండు చెప్తె డౌటు పడ్తరు."

ఆ ఒక్కటీ కళ్ళే అని ఆయనే తేల్చాడు. బాపుకు నిజంగానే కొద్దిగా మసక ఉండేది, ఆ వయసులో ఎవరికుండదు! ఆ ఇంత మసకను పట్టుకుని నేను మూడు రోజులు కూచుని నోటుబుక్కులో కథ అల్లాను. ఏ షిఫ్టులో మొదలైంది, ఏ మెట్టు కనపడక జారాడు, టోపీలైటు వెలుగు ఒకటి రెండుగా ఎలా కనిపిస్తుంది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు పూడుకుపోవాలి, అన్నీ రాశాను. రెండో పేజీ చివర కంటతడి. గుహలో ముసలాయన దగ్గర నేర్చుకున్న విద్య అంతా మా బాపు నెత్తిన రుద్దాను.

రిహార్సల్సు మా వంటింటి గుమ్మం దగ్గర. కాక డాక్టరు, నేను డైరెక్టర్ని. బాపు అంత చెడ్డ నటుడు ఈ భూమ్మీద ఉండడు. కనపడవని చెప్పాల్సిన అక్షరాలను గడగడా చదివేసి నాలుక కరుచుకునేవాడు. మధ్యలో అమ్మ పొయ్యి మీది చాయ్ గిన్నె దించడానికి పట్టుకారు వెతుకుతుంటే, బాపు లేచి కుడిచేత్తో, ఒట్టి చేత్తో, కుతకుతలాడే గిన్నెను దించి పక్కన పెట్టేవాడు. చుట్టాలు వచ్చినప్పుడు దీన్ని ప్రత్యేకంగా చూపించేవాళ్ళం. బాయి చెయ్యి, ఉక్కు చెయ్యి అని గొప్పలు పోయేవాళ్ళం.

బోర్డు రోజు వచ్చింది. పెద్ద దవాఖాన వరండాలో బెంచీల నిండా మనుషులు, ఒకరిని మించి ఒకరు మూలుగుతున్నారు. మంచినీళ్ళకు వెళ్ళేటప్పుడు ఎడమకాలు కుంటి, వచ్చేటప్పుడు కుడికాలు కుంటిన మహానుభావుణ్ణి ఈ కళ్ళతో చూశాను. బాపుకు నల్లద్దాలు పెట్టి, గోడవారగా కూచోబెట్టి, కదలొద్దనీ నోటుబుక్కు తల్చుకొమ్మనీ చెప్పాను. అప్పుడే క్లర్కు ఏదో కాగితం జిరాక్స్ తక్కువైందన్నాడు. మన దేశంలో చావుకైనా ఒక జిరాక్స్ తక్కువే అవుతుంది. పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి బాపు నల్లద్దాలు నెత్తి మీదున్నాయి. ఫోను చేతిలో ఉంది. పక్కనే ఒక తెల్లకోటు కూచుని ఉంది. ఇద్దరి తలలూ ఆ ఫోను మీదికి వంగి ఉన్నాయి. చాయ్‌కి బయటికొచ్చిన డాక్టరు బాపు ఆట చూసి ఆగిపోయాడట. ఆయనా అదే ఆట ఆడతాడట, ఏడెనిమిది వందల దగ్గరెక్కడో ఇరుక్కుని నెలయిందట. ఇక మా బాపును పట్టతరమా! పసుపుపచ్చ గోలీల మధ్య నక్కి ఉన్న నిమ్మపండు రంగు గోలీని బొటనవేలితో చూపిస్తూ పాఠం చెబుతున్నాడు.

"కిందివి కొట్టుకుంట కూసుంటె ఒడువది సారూ. మీద ఏడ పట్టుకొని ఉన్నదో చూడాలె. గాడ ఒక్కటి కొడ్తె మొత్తం కూల్తది."

టిక్కుమని కొట్టాడు. మొత్తం కూలింది. డాక్టరు చప్పట్లొక్కటే కొట్టలేదు. చేతిలో జిరాక్సుతో నేను అక్కడే కొయ్యబారిపోయాను.

అరగంట తర్వాత లోపల బల్లకు అవతల అదే తెల్లకోటు. బాపు నోటుబుక్కు మొదటి పేజీ ఎత్తుకున్నాడట. డాక్టరు నవ్వాపుకుంటూ విని, పరీక్షలన్నీ పద్ధతిగానే చేయించి, చూపు బాగుందన్నాడట. చివర్లో ఆయనే మెల్లగా, కళ్ళు తప్ప ఇంకేమైనా బాధ ఉందా అని కూడా అడిగాడట. లేదన్నాడు బాపు. ఒక్కటే రోగం కదా మరి.

ఫిట్.

ఇంటికొచ్చి నేను అన్న మాటలు ఇప్పుడు తల్చుకుంటే నాలుక తెగ్గోసుకోవాలనిపిస్తుంది. చిన్నపిల్లాడికన్నా అన్యాయమన్నాను, పిచ్చి గోలీల కోసం బిడ్డ బతుకు బుగ్గి చేశావన్నాను. ఫోను లాక్కుని ఆయన కళ్ళెదుటే ఆటను తీసిపారేశాను. రెండు వేల పైచిలుకు లెవెళ్ళు ఒక్క నొక్కుతో పోయాయి. బాపు కంచంలో అన్నం కలుపుతూ, పోనీ తియ్ అన్నాడు. ఆటనన్నాడో కొలువునన్నాడో నేను అడగలేదు. ఆ వారమంతా పరామర్శలే, కాకైతే చచ్చినవాణ్ణి చూసినట్టు బాపును చూసి వెళ్ళాడు.

తర్వాత వారం బాయిలో రాడ్డు జారి బాపు ఎడమ బొటనవేలికి తగిలింది. పెద్ద దెబ్బ కాదు, కట్టు కట్టి ఇంటికి పంపారు. రేకుల కింద ఊరికే కూచుని రోడ్డు చూస్తున్న మనిషిని చూస్తే నాకు సిగ్గేసింది. ఆట మళ్ళీ ఎక్కించి, మాట్లాడకుండా ఫోను ఒళ్ళో పెట్టాను. ఒకటో లెవెల్. చిన్నపిల్లలు కూడా గెలిచేది.

ఎడమచేతికి కట్టుంది కనుక బాపు కుడిచెయ్యి ఎత్తాడు. చూపుడువేలు తెర మీద ఆనించాడు. ఆనించాడని ఆయనకు తెలియలేదు, ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. గోలీ ఎటో పోయింది. మధ్యవేలితో చూశాడు, అదీ అంతే. వేలు తగిలిందో లేదో వంగి కళ్ళతో చూసుకుంటున్నాడు. మూడుసార్లు ఓడిపోయాడు. రెండు వేల లెవెళ్ళ మనిషి ఒకటో లెవెల్లో ఓడిపోయి, నా వైపు చూసి తప్పు చేసినట్టు నవ్వాడు.

నేను ఆ చెయ్యి పట్టుకుని గోటితో గట్టిగా గిచ్చాను. ఆయన ఇంకా తెరనే చూస్తున్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, మిషను అదురుకు ఆరేడేళ్ళ నుంచే అట్లుందని, మొదట్లో తిమ్మిరనుకున్నానని అన్నాడు. కాకకు చెబితే తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఆ చెయ్యి ఒక్కటి చూపించి ఉంటే కథ అక్కర్లేదట, నల్లద్దాలు అక్కర్లేదట, డాక్టర్లు సంతకం పెట్టకపోతే తనను అడగమన్నాడు. ఇంకోసారి పెట్టుకునే సర్వీసు బాపుకు లేదు. ఆ డాక్టరు పక్కన కూచున్నంతసేపూ కుడిచెయ్యి బాపు ఒళ్ళోనే ఉంది.

"డాక్టరు అడిగినప్పుడన్న చెప్పద్దా బాపూ?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నువ్వు మూడు దినాలు కూసోని రాసినవు గద బిడ్డా. కత మంచిగున్నది. నడుమ నాదేందని ఊకున్న."

వేలు మానాక మళ్ళీ ఫస్టు షిఫ్టు. బాయిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కనుక దాన్ని నా చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా అందుకుని, డ్రిల్లు మిషను పట్టడానికి బాపు ఆ చేతులతోనే వెళ్ళాడు.