గ్యాసుకి కొసరు

ఆ రోజుల్లో మా కొల్లేరు వైపు కొసరు అడగకుండా సంచి మూసేవాణ్ణి అమాయకుల్లో జమకట్టేవారు. మా అమ్మయితే ఈ విద్యలో ఆరితేరిన మనిషి. వంకాయలు తూచాక ఒకటి, చేపలు తూచాక గుప్పెడు, ఆఖరికి జాకెట్టు గుడ్డ కొన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ కొలిపించుకునేది. పక్కన నిలబడ్డ నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. "నీకు చాతకాదురా, నిన్ను ఎవరైనా ఇట్టే మోసం చేసేస్తారు" అనేది. డిగ్రీ పూర్తయినా ఆ మాట మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చేసే మా బాబాయి హైదరాబాదులో పెయింట్‌బాల్ చూసొచ్చాడు (రంగు గుళ్ళు పేల్చే తుపాకులతో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునే ఆట, డబ్బిచ్చి మరీ కొట్టించుకుంటారు). వచ్చిన వారానికే ఎండబెట్టిన చెరువులో తాటి దుంగలు పాతించి, మూతపడిన ఒక ఆటస్థలం నుంచి ఎనిమిది తుపాకులు పట్టుకొచ్చాడు. వాటిని మార్కర్లు అనాలట. వాటికి తగిలించే గ్యాసు ట్యాంకులు మాత్రం లేవు. "ఒరే అబ్బాయ్, ఏలూరెళ్ళి నువ్వే చూసి కొనుక్కురా. ఇది సరిగ్గా చేశావనుకో, ఈ గ్రౌండు నీ చేతికే అప్పజెప్తా" అన్నాడు. ఇరవై రెండేళ్ళు వచ్చినా నన్ను నమ్మి ఒంటరిగా ఒక పని మీద పంపడం అదే మొదలు. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

ఏలూరులో సోడా మిషన్లకి గ్యాసు నింపే పెద్దాయన ఒకరుండేవారు. తెల్లగడ్డం, నెమ్మదైన మాట. ఊరంతా గ్యాసు తాతగారనే పిలిచేది. బాబాయి ముందే చెప్పి ఉంచడంతో బెజవాడ నుంచి మూడు సైజుల ట్యాంకులు తెప్పించి బల్ల మీద నిలబెట్టారు. అమ్మ కుండలు కొనే పద్ధతిలో నేను ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూశాను. "అవి కుండలు కావండీ బాబూ. మెడ మీద తారీఖు చూడండి. పరీక్ష చేయించి చాలా కాలమైందంటే, ఎంత మెరిసినా వద్దనండి" అన్నారు. పెద్దది కావాలన్నాను. దాన్ని మార్కరుకి బిగించి నా చేతికిచ్చి, "ఇది పట్టుకుని సందు చివరిదాకా పరిగెత్తి రండి" అన్నారు. వెళ్ళేటప్పుడు వీరుడిలా వెళ్ళి, వచ్చేటప్పుడు దాన్ని పసిపిల్లలా చంకనేసుకుని వచ్చాను. మధ్యరకం ఎనిమిది తీసుకున్నాను. ఉత్తి గాలి నింపే ట్యాంకులు ఇంకా మంచివట గానీ, అంత ఒత్తిడితో గాలి కొట్టే మిషను ఏలూరులో లేదని ఆయనే చెప్పేశారు. "నింపుకోలేనిది కొనకండి బాబూ."

ఆ రోజు శుక్రవారం. నమాజుకి వెళ్తూ తాతగారు కొట్టు కొత్తల్లుడికి అప్పగించి, "తూకం ప్రకారమే నింపు. ఎండకి పొంగడానికి లోపల చోటుండాలి" అని చెప్పి మరీ వెళ్ళారు. ఆ అల్లుడుగారు మొహమాటానికి చొక్కా తొడిగిన మనిషి. అన్నీ నింపాక నాలో అమ్మ నిద్రలేచింది. "కొసరు వెయ్యండి" అన్నాను. "గ్యాసుకి కొసరుండదేమోనండీ" అని నసిగారు. "మొదటి బేరమండీ, కాదనకండి." ఆయన గుమ్మం వైపు చూశారు, కాటా వైపు చూశారు, నా మొహం చూశారు. "పోన్లెండి" అని ఒక్కొక్కదానికీ మళ్ళీ కాస్త వదిలారు. అమ్మకి ఇంతకాలం దొరికిన ఆనందమేమిటో నాకు ఆ క్షణాన తెలిసింది.

ఆదివారం ప్రారంభోత్సవం. మే నెల ఎండ. ట్యాంకుల్ని పాకలో పెట్టొచ్చు గానీ, అక్కడ పెడితే నా కొనుగోలు ఎవరు చూస్తారు? గట్టు మీద వరసగా నిలబెట్టాను. బాబాయి రిబ్బను కత్తిరించబోతుండగా ఢామ్మని చప్పుడు. లోపల ఒత్తిడి మితిమీరితే చిరిగిపోయి గ్యాసుని బయటికి వదిలేసే రేకుబిళ్ళ ఒకటి ట్యాంకు మెడ దగ్గర ఉంటుంది. అది చిరిగింది. బుస్సుమని తెల్లటి పొగ లేచింది, వెనకాలే రెండోది పేలింది, పక్క చెరువులో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తెల్లపంచెతో సహా బాబాయి బురదలో బోర్లా పడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ మాత్రం గ్యాసు పోయి తెల్లగా మంచు పట్టిన ట్యాంకుని ముట్టుకుని, "ఒరే, మే నెల్లో మంచు!" అని మురిసిపోయింది.

"నాసిరకం అంటగట్టాడా! పద, తేల్చేస్తా" అని పేలిన రెంటితో పాటు మిగిలిన ఆరు ట్యాంకుల్నీ తడిగోనె కప్పి జీపులో వేయించాడు బాబాయి. ఏలూరు చేరేదాకా నేను నోరు విప్పలేదు. విప్పితే గ్రౌండు పోతుంది. ఆ మౌనం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తాతగారు బాబాయి కేకలన్నీ ఓపిగ్గా విని, పేలని ట్యాంకొకటి కాటా మీద పెట్టి చూసి, అల్లుడి వైపు తిరిగారు. "నేనేం చెప్పాను నీకు?" ఆయన తల దించుకున్నారు. నా వైపు కన్నెత్తి కూడా చూడకుండా, "నాదే పొరపాటండి" అన్నారు. "అయితే రేపట్నుంచి నువ్వు గ్యాసు జోలికి రావద్దు."

నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. "కొసరు నేనే అడిగానండి. ఆయన వద్దనే అన్నారు."

బాబాయి చూసిన చూపుతో గ్రౌండు నా చేతిలోంచి జారిపోయిందని అర్థమైంది. తాతగారు మాత్రం నా వైపు తిరిగి, "కొసరు అడగడం ఎవరు నేర్పారు బాబూ?" అన్నారు.

"మా అమ్మండి."

"గ్యాసు ఒక్కదానికి అడక్కూడదని చెప్పలేదా అండీ?" అని నవ్వారు. ఆయన నవ్వాక బాబాయికీ నవ్వక తప్పలేదు. రేకుబిళ్ళలు తాతగారే మార్చారు. నింపడం మాత్రం మళ్ళీ అల్లుడుగారి చేతే చేయించారు, తూకానికి సరిగ్గా. జీపెక్కబోతుంటే, "ఏవండీ, మీ కొసరు మర్చిపోయారు" అని వెనక నుంచి పిలుపు. చూస్తే అల్లుడుగారు. గోళీ కొట్టి, పొంగుతున్న సోడా నా చేతిలో పెట్టారు.

గ్రౌండు నాకు రాలేదు. రెండు వానాకాలాలు తిరక్కుండా అది మళ్ళీ చేపల చెరువైపోయింది. నాకు ఏలూరులోనే వేరే ఉద్యోగం దొరికింది. ఇప్పుడు అన్నీ సీలేసిన ప్యాకెట్లే, కొసరు అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. ఎప్పుడైనా గోళీసోడా తాగితే నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. గ్యాసు ముక్కులోకి ఎక్కిందని మా ఆవిడతో చెబుతాను.