నర్సక్క చాట దించితేనే

ఈ పొద్దున కొంతం చౌక్ వెనక సందులో నడుస్తుంటే తడిసిన తునికాకు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనకు నాకు ఎన్నికలు గుర్తొస్తాయి. చెప్పకేం, మా వార్డులో ఏ కార్పొరేటర్ గెలవాలన్నా ఒకప్పుడు నా నోటి మాట కావాల్సిందే. ముగ్గురిని గెలిపించాను. సరే, ఇద్దరిని. నిజానికి గెలిపించింది బీడీలు చుట్టే నర్సక్క. నేను ఆమె అరుగు దాకా అభ్యర్థులకు దారి చూపించేవాణ్ణి.

ఆ అరుగు మీద సందులోని ఆడవాళ్లంతా ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. ఎంత పెద్దమనిషి వచ్చినా చేతులు ఆగేవి కావు. నర్సక్క ఒడిలోంచి చాట తీసి కింద పెట్టిందంటే, ఆ మనిషి మాట వినదగినదని అర్థం. సందు ఓట్లన్నీ ఆ చాట వెంట పోయేవి. ఆ ఏడు మా సందుకు నల్లా లేదు. నీళ్లు చాలక ఆకు సరిగా నానేది కాదు, చుడుతుంటే పలిగేది. ఆ బీడీలను కార్ఖానాలో తీసి పారేసేవారు, కూలి పోయేది. అప్పుడే ఎన్నికలొచ్చాయి. నేను పనిచేసే మరమగ్గాల సేఠ్ నిలబడ్డాడు. సందు ఓట్లు నా చేతిలోనే ఉన్నాయని చెప్పి ఆయన్ను వెంటబెట్టుకొచ్చాను. సేఠ్ వంగి నర్సక్క కాళ్లు మొక్కబోయాడు.

“ఆగు కొడుకా, చాట తాకితే పొగాకు కండ్లల్ల వడ్తది,” అంది నర్సక్క. ఆడవాళ్లు నవ్వారు. “నల్లా ఎప్పుడిస్తవ్?”

“గెలిచినంక, అక్కా. పక్కా.”

“గట్లైతే ఓటు గూడ నల్లా వచ్చినంకనే.”

చాట కదల్లేదు. సాయంత్రం సేఠ్ మీద పోటీచేస్తున్న సుజాత వచ్చింది, కుట్టుపని చేసే పిల్ల. “నల్లా తెస్తనని మాటియ్యలేను పెద్దమ్మా. గెలిస్తే మున్సిపాలిటీ మెట్ల మీద కూసుంట. మీరు గూడ వచ్చి కూసోవాలె,” అంది. నర్సక్క చాట దించింది. సుజాత గెలిచింది. ఆడవాళ్లు చాటలతో సహా పోయి ఆ మెట్ల మీదే బీడీలు చుట్టారు. నల్లా వచ్చేదాకా లేవలేదు.

తర్వాత ఓ పార్టీవాళ్లు నర్సక్కనే నిలబడమన్నారు. “నేనే కుర్చీల కూసుంటే, అడిగేటోళ్లు ఎవలుంటరు?” అంది. ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. ఓటుకోసం ఎవరొచ్చినా సందుకేం చేస్తావని ముందు అడుగుతాను, తర్వాతే చాయ్. ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బతికున్నన్నాళ్లూ ప్రతి ఎన్నికకూ ఆమె నన్ను పిలిచి, “ఈపాలి ఎవలెంట తిరుగుతున్నవ్ తమ్మీ?” అని అడిగేది. అంతటి మనిషి నా సలహా కోరేదని నాకు గర్వం.

ఇదంతా చదివి వినిపిస్తే, ఆ అరుగు మీదే నర్సక్క పక్కన కూర్చుని బీడీలు చుట్టిన నా భార్య పద్మ తలెత్తకుండానే అంది:

“సలహా లేదు, ఏం లేదు. నువ్వు ఎవని జీపెక్కితే వాని పేరు ముందుగాల కొట్టేసేటందుకు అడిగేది అక్క.”