జబల్ మీద బదనిక వేట

ఒమాన్‌లో సమాయిల్ ఊరు దాటాక రోడ్డు కొండెక్కింది. కొండను అక్కడ జబల్ అంటారు. మధ్యాహ్నం మూడింటికి బండి దిగాను. కింద ఫ్యాను లేనిదే కూర్చోలేని ఎండ. పైన చలిగాలికి చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాను. సామాను ఒక ట్రంకు, ఒక దుప్పటి, పట్టాళం బూట్లు. జమీ పోయి మూడు తరాలైనా, పాలిష్ లేని బూట్లతో గుమ్మం దాటడం మా ఇంట్లో లేదు.

సైన్యం నుంచి రిటైరయ్యాక దొరికిన పోస్టింగు అది. ఒక ఒమానీ పెద్దమనిషి కొండ ఎస్టేటులో సూపర్‌వైజర్‌ని. శత్రువును ఆ సాయంత్రమే చూశాను. తోటనిండా జూనిపర్ చెట్లు. కొమ్మలు ఉబ్బి, చీపురుకట్టల్లా గుబురెత్తి, కొసలు ఎండిపోయాయి. గుబుర్లలో వేలెడు పొడవు పసుపుపచ్చ పుల్లలు. పొట్టి బదనిక. హిమాలయాల్లో పహరా కాసేటప్పుడు చూసినదే. బెరడులోకి వేరు దింపి చెట్టు రసం తాగుతుంది. కాయ పండితే గింజ తూటాలా దూసుకుపోయి, జిగురుతో పక్క చెట్టుకు అంటుకుంటుంది.

యజమానిని అక్కడ అందరూ అర్బాబ్ అంటారు. ఆయన ఒకటే మాట చెప్పాడు. కాయలు పండేలోపు తోట బాగుపడకపోతే చెట్లన్నీ కొట్టించి అతిథి గదులు కడతాడు.

మర్నాడు ఉదయం ఆరింటికి తోటపని చేసే తెలంగాణ మనుషులిద్దరికీ ఆర్డరిచ్చాను. "పుల్లలు గిల్లితే మళ్లీ మొలుస్తాయి. ఉబ్బుకు జానెడు ఇవతల, మాను వైపు కొమ్మే కొయ్యండి."

పదింటికి తనిఖీకి వెళ్లాను. ఎండుకొమ్మలన్నీ నేలమీద. బదనికలన్నీ చెట్టుమీదే, భద్రంగా.

ఇదేం పనని వాకీటాకీ రేడియోలో అడిగాను. నిచ్చెన మీది నిజామాబాద్ మనిషి పలికాడు.

"బదనిక గద సార్. మా దిక్కు దొరికితే పూజ చేసి ఇంట్ల పెట్టుకుంటరు. కోస్తే ఇల్లు మునుగుతది."

కింద తాడు పట్టుకున్న జగిత్యాల మనిషి ఎగతాళిగా అందుకున్నాడు. "బందూకు పట్టిన ఫౌజీ సాబ్‌కు గివన్నీ ఏమెరుక అన్నా!"

"మా ఇల్లు ఎప్పుడో మునిగింది" అన్నాను. "ఇంకా మునగడానికేం లేదు. దిగి రంపం ఇటివ్వు."

నేనే ఎక్కాను. మొదటి గుబురు తెగి పడ్డప్పుడు ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. నాలుగోదానికి తాడు మనిషి నవ్వాడు.

"సాబ్‌కు ఏం కాలే! ఎక్కు అన్నా, ఎక్కు!"

ఆ వేసవంతా రోజూ ఎండ ముదిరేదాకా కోశాం. మాను దాకా పట్టిన రెండు చెట్లను వదులుకున్నాం. మిగతావి నిలబెట్టాం. కాయలు పండే ముందు అర్బాబ్ వచ్చి, మెడ పైకెత్తి చెట్టుచెట్టుకూ తిరిగాడు.

"ఖలాస్" అన్నాడు. "గదులు వేరే చోట కడతాను."

అక్కడితో నేను ఆగలేదు. బెరడులో వేరు మిగిలితే మళ్లీ తలెత్తుతుంది. మరుసటి ఏడాది మళ్లీ ఎక్కించాను. దొరికిన మొలకలన్నీ కోయించాకే తిరుగు విమానం ఎక్కాను.

ఇక్కడ అందరూ నన్ను ఎడారి గురించి అడుగుతారు. నా కళ్లముందు మాత్రం ఆ ఆఖరి చెట్టే ఉంటుంది. దాని కొసన నిజామాబాద్ మనిషి. ఒక చేత్తో మాను కరుచుకుని, రెండో చేత్తో రంపం ఆకాశంలోకి ఎత్తాడు. ఛాతీమీద రేడియో వేలాడుతున్నా, దాన్ని మరిచిపోయి కొండంతా వినపడేలా అరుస్తున్నాడు.

"సాఫ్ సార్! ఒక్కటి లేదు!"