లండన్ ఇంటి వంకర గోడ

నిన్న అబూ హమూర్ మార్కెట్‌లో కూరగాయలు తీసుకుని వస్తుంటే, నేను వంట చేసే అరబ్బుల ఇంటి డ్రైవర్, కడప తమ్ముడు, కారును అల్ హిలాల్ సందులోకి తిప్పి ఒక విల్లా ముందు ఆపాడు. "అక్కా, చూడు, లండన్ ఇల్లంట. ఆ గోడ కట్టినోడు తాగి కట్టినట్టుండాడు, దాని కడుపు ముందుకొచ్చిండాది" అని నవ్వాడు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. ఆ గోడ కట్టింది మా ఆయన. ఆయన జన్మలో తాగలేదు.

ఆ ఇంటి యజమాని చదువుకునే రోజుల్లో ఇంగ్లండులోని ఏదో పల్లెలో ఒక రైతు ఇంట్లో ఉన్నాడట. మూడు వందల ఏళ్ల నాటి ఇటుకల ఇల్లు. అచ్చం అలాంటిదే కావాలని, మా ఆయన మేస్త్రీగా పనిచేసే కంపెనీకి ఫోటోలు ఇచ్చాడు. ఒక శుక్రవారం మా ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆయన ఉండే కూలీల క్యాంప్‌లోకి ఆడవాళ్ళను రానివ్వరు కాబట్టి మా సంసారమంతా వారానికోసారి మార్కెట్ వెనక నీడలోనే. దేవుడి దయ, ఆ నీడైనా దొరికింది. బడి ముఖం చూడని నాకు మా నాయన వంటింటి గోడమీద బొగ్గుతో అక్షరాలు నేర్పాడు. గోడలను చదవడం మాత్రం ఈయనే నేర్పాడు. ఆ ఫోటోల్లో ఇటుక ఒకటి పొడవుగా, పక్కది కొస బయటికి పెట్టి ఉన్నాయి. ఆ కొసలు బట్టీలో మాడి నీలంగా మెరుస్తూ, గోడంతా గళ్ళ చీరలా ఉంది. ఎప్పుడో ఇటుకలతో మూసేసిన కిటికీ ఒకటి. పైన రెండు పెద్ద పొగగొట్టాలు. ఇక్కడ వాటిలోంచి ఏసీ పైపులు పోతాయని విని ఇద్దరం నవ్వుకున్నాం. గోడ నడుమ ఉన్న ఇనుప బిళ్ళలు చూపించి, "గోడ బయటికి ఒరుగుతుంటే లోపలికెల్లి కడ్డీ ఏసి గుంజి పట్టిండ్రు. పాపం, ముసల్ది అయింది" అన్నాడు, మనిషి గురించి చెప్పినట్టు.

ఆ జాలే కొంప ముంచింది. మావైపు మేస్త్రీలు గోడ మొదలుపెట్టే ముందు, అది నిటారుగా లేస్తుందో లేదో చూపే, దారానికి వేలాడే ఇనుప గుండుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటారు. అది చెప్పిన మాటను మేస్త్రీ దాటడు. ఈయన అలాగే దండం పెట్టి, ఫోటోలోని ఉబ్బు ముసలితనపు రోగమే కదా, కొత్త ఇంటికెందుకని గోడను నిటారుగా కట్టేశాడు. ఇంజనీరు వచ్చి చూసి కూలగొట్టించాడు. గోదావరి వైపు ఫోర్‌మన్ నచ్చజెప్పాడట: "ఆ వంకరే అందమంటున్నారయ్యా మేస్త్రీ. కట్టెయ్, నీదేం పోయింది?"

"నా చెయ్యి పోతది సార్" అన్నాడట ఈయన. కట్టకపోతే ఇక హెల్పర్‌గా సిమెంటు మోయాలన్నారు.

ఆ శుక్రవారం ఆయన ఇదంతా చెప్పి నా ముఖంలోకి చూశాడు. కట్టొద్దని నా నోట వినడానికే వచ్చాడు. నేను ప్రసాదం చేతిలో పెట్టి, "దేవుడిచ్చిన డ్యూటీ. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం. గింత పంతమెందుకు?" అన్నాను.

"నువ్వు గూడ గంతేనా" అని, ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నాడు.

మర్నాడు గుండును సంచిలోంచి తీయలేదు. కంటి అంచనాతోనే ఉబ్బు తెచ్చాడు. అచ్చం ఫోటోలానే వచ్చిందని యజమాని భుజం తట్టాడు. చివర్లో ఇనుప బిళ్ళలు జిగురుతో అంటించారు. వాటి వెనక కడ్డీ ఏమీ లేదు. వారం తిరక్కుండా ఈయనే వెళ్ళి, తనను హెల్పర్‌గా వేయమని అడిగాడు. అప్పటి నుంచి తాపీ ముట్టలేదు. యాభై దాటిన మనిషి, బస్తాలు మోస్తున్నాడు. ఎందుకని అడిగితే, "బస్తకు వంకర లేదు, సక్కదనం లేదు. మోసుడే" అంటాడు.

రోజూ దీపం పెట్టి, ఇద్దరికీ పని ఉంది, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయని దేవుడికి చెప్పుకుంటాను. చేతుల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. ఏ రోజు ఏ మాట అనకూడదో కాలం ముందే చెప్పదు. ఆ రోజు మళ్ళీ రాదని మనకు గట్టిగా తెలిశాక, తీరిగ్గా చెబుతుంది.