పొర్లిపోయిన వాన

గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో నేను గుమాస్తాగా చేరింది డెబ్బైల మొదట్లో. పొద్దుటి షిఫ్టు గనిలోకి దిగకముందే వానకొలత చూసి పుస్తకంలో రాయడం నా పనుల్లో ఒకటి. ఇనుప డబ్బా, పైన గరాటు, లోపల సీసా. సీసాలోని నీళ్లను గీతలున్న గాజు గొట్టంలో పోసి చూడాలి. పెద్ద వాన పడితే సీసా నిండకముందే మధ్యలో కూడా కొలవాలని సర్వేయరు మొదటి రోజే చెప్పాడు.

ఆ శ్రావణంలో రెండు రోజులు ముసురు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం నుంచి కుండపోత. సాయంత్రం వెళ్లి కొలుద్దామనుకున్నాను. గొడుగు నిలవని గాలి చూసి ఇంట్లోనే ఉండిపోయాను.

సోమవారం పొద్దున చూస్తే సీసా నిండి, డబ్బా నిండి, అంచు మీదుగా నీళ్లు కారుతున్నాయి. మిగిలినంత కొలిచి రాశాను. పొర్లిందని మాత్రం రాయలేదు. రాస్తే నిన్న ఎందుకు రాలేదని అడుగుతారు.

మా పక్క క్వార్టరాయన్ని చిన్నాన్న వరసతో కాకా అని పిలిచేవాణ్ని; గనిలో పంపు నడిపేవాడు. డ్యూటీకి పోతూ ఆఫీసు కిటికీ దగ్గర ఆగాడు.

"ఎంత పడ్డదిరా వాన? వాగు కట్ట దాకా వచ్చిందంటున్నరు."

రాసిన అంకె చెప్పాను.

"గంతేనా? మా వాకిట్ల గంగాళం రెండుసార్లు నిండె గదా!"

"పుస్తకంల గదే ఉన్నది, కాకా."

"అయితే ఫికర్ లేదు తియ్," అని వెళ్లిపోయాడు. మేనేజరు కూడా ఆ అంకె చూసే షిఫ్టును దింపాడు.

పదకొండింటికి కట్ట తెగి వాగు గనిలోకి దూకింది. జనం పరుగున పైకి వచ్చారు. కాక మాత్రం కింది పంపు దగ్గర ఇద్దరున్నారని వెనక్కి వెళ్లాడట. ఆ ఇద్దరూ వచ్చారు. ఆయన రాలేదు. నీళ్లు తోడి ఆయన్ని బయటికి తేవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

విచారణలో ఉన్నదంతా చెప్పాను. అధికారి తలెత్తకుండా రాసుకున్నాడు. నన్ను శ్రీరాంపూర్ గనికి మార్చారు.

వెళ్లేముందు కాక భార్య దగ్గరకు పోయి, చిన్నమ్మా, తప్పు నాదే అన్నాను. జరిగింది చెప్పాను.

"నువ్వు ఉన్నదున్నట్టు చెప్పినా పోతుండె. పంపు ఆగుతదంటే ఊకుంటడా ఆయన?"

కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయినా నువ్వు చెప్పాలె గదా, బిడ్డా."